కాలం మీద కోడలి పుస్తకం

ఫిబ్రవరి 6

అత్తయ్యకు,

కొత్త చెవి మిషన్ పెట్టుకున్నాక పై అంతస్తువాళ్ళు కుర్చీలు జరపడం కూడా వినిపిస్తోందట. ఫోన్‌లో నా గొంతు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుందని అన్నారట. వదిన చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పైగా దీనితో వస్తున్న కాగితాల కట్ట ఫోన్‌లో చెప్పేది కాదు.

నేనొక పుస్తకం రాస్తున్నాను. రాయమని పోరింది మీ అబ్బాయే. "నువ్వు చూసేవన్నీ నాకు అర్థమయ్యేలా రాయి, నాకర్థమైతే లోకానికంతా అర్థమైనట్టే" అనేవారు. అప్పుడు తీరిక లేదన్నాను. ఆయన పోయాక రెండేళ్ళు పెన్ను పట్టుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు ఎలాగో మూడు అధ్యాయాలు అయ్యాయి. కాలం ఒకే వైపు ఎందుకు నడుస్తుంది, ఈ విశ్వం చివరికి ఏమవుతుంది అన్నదే విషయం. టీ చల్లారడంతో మొదలుపెట్టాను. చల్లారిన టీ దానంతటది మళ్ళీ ఎందుకు వేడెక్కదు అని.

మీరు ప్రెస్సులో ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నిటికీ ప్రూఫులు దిద్దారు. ఇంటి మనిషి పుస్తకం దిద్దడానికి మొహమాటపడకండి. తప్పులు దిద్దడం ఒక్కటే కాదు, ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఒక గీత పెట్టండి.

ఇక్కడ కొండ మీద చలి విపరీతంగా ఉంది. టెలిస్కోపు అద్దం మీద మంచు పేరుకుంటుందని నాలుగు రోజులుగా గుమ్మటం తెరవడం లేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని మీకు తెలుసు కదా.

మీ కోడలు


ఫిబ్రవరి 17

చుక్కలమ్మాయికి,

కట్ట చేరింది. మొదటి పేజీ చూసేసరికి నా పాత ఉద్యోగం నాకు తిరిగొచ్చినట్టయింది. నక్షత్రాల దూరాలు కొలుస్తావు, ళ ఎక్కడ రాయాలో ల ఎక్కడ రాయాలో ఇంకా తెలియలేదా? "కల్లు మూసుకుని ఆలోచించండి" అని రాశావు. చదివినవాడు ఆలోచించడు, తూలతాడు.

"అస్తవ్యస్తతా పరిమాణం" అని ఒక మాట వాడావు. రెండుసార్లు పైకి చదివాను, రెండుసార్లూ నాలుక మడత పడింది. ఎంట్రోపీ అనే ఉంచు. జనం అంతకంటే కష్టమైన మందుల పేర్లు పలుకుతున్నారు.

ఇక విషయానికి వస్తాను. చిందరవందర కావడం తేలిక, పొందిగ్గా ఉండడం అరుదు, అందుకే అన్నీ చిందరవందర వైపే నడుస్తాయి, కాలానికి దిక్కు అలా వచ్చింది అన్నావు. ఇది నాకు బాగానే ఎక్కింది. నేను ప్రెస్సులో చేరిన కొత్తలో సీసం అక్షరాలు ఉండేవి. అరల పెట్టెలో ఒక్కో అరలో ఒక్కో అక్షరం. ఒకరోజు పెద్ద పెట్టె స్టాండు మీద నుంచి జారి బోర్లా పడింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, అన్నీ నేల మీదే. ఫోర్మన్ తలుపు దగ్గరే ఆగిపోయి, "ఎవ్వరూ కాలు కదపొద్దు! మీ చెప్పుల కింద ఒత్తులుంటాయి!" అని కేక పెట్టాడు. అందరం ఒంటికాలి మీద కొంగల్లా నిలబడ్డాం. నువ్వన్నట్టు అవి అరల్లో ఉండే పద్ధతి ఒక్కటే, నేల మీద పడే పద్ధతులు లెక్కలేనన్ని.

కానీ అమ్మాయీ, మేం వాటిని మళ్ళీ సర్దాం. చాలా రోజులు పట్టింది, అయినా ప్రతి ఒత్తూ దాని అరలోకి చేరింది. అంటే వెనక్కి వచ్చినట్టే కదా? నీ సూత్రం అక్కడ ఏమైంది? గీత పెట్టాను.

ఇంకొక చిన్న విషయం. రెండో అధ్యాయం చివర "మేము టీ కప్పులు పంపు మీద పెట్టి మరిచిపోయాం" అని ఉంది. అప్పటిదాకా పుస్తకమంతా "నేను". ఏదో ఒకటే ఉండాలి. పెన్సిల్‌తో "నేను" అని దిద్దాను.

వేళకి తిను. ఊరికే కూర్చోవడం చేతకానివాళ్ళు తిండి దగ్గరే తొందరపడతారు.

అత్తయ్య


మార్చి 2

అత్తయ్యకు,

ఆ కల్లు సంగతి ఆఫీసులో చెప్పి అందర్నీ నవ్వించాను. నా పరువు పోతే పోయింది.

మీ గీత మంచి చోట పడింది. అక్షరాలు సర్దినన్ని రోజులూ మీరందరూ తిన్నారు, చెమట పట్టింది, ఊపిరి వదిలారు. మీ ఒంట్లో నుంచి వేడి ఆ గదిలోకి పోయింది. పెట్టెలో పెరిగిన పొందిక కంటే గాలిలో పెరిగిన చిందరవందర ఎక్కువ. పెట్టె ఒక్కటే చూస్తే వెనక్కి వచ్చినట్టుంటుంది, గది మొత్తం చూస్తే రాలేదు. మా కూలింగ్ ఇంజనీరు దీన్ని ఇంకా తేలిగ్గా చెబుతారు. టెలిస్కోపు కెమెరాని గడ్డకట్టే చలిలో ఉంచడం ఆయన పని. "నేను వేడిని చంపనండీ, బయటికి గెంటుతాను. గెంటడానికి ఇంకొంచెం వేడి పుట్టిస్తాను" అంటారు. మీ ఫోర్మన్ని కూడా అధ్యాయంలో చేర్చాను, కోప్పడకండి.

"మేము" అన్నది సైన్సు వ్యాసాలు రాసే అలవాటు కొద్దీ పడింది. మీరు దిద్దినట్టే ఉంచేస్తాను.

మిగిలిన మూడు అధ్యాయాలూ పంపుతున్నాను. నాలుగోదానిలో ఒక చిక్కు ఉంది. రెండు గోళీలు ఢీకొని విడిపోవడం వీడియో తీసి వెనక్కి నడిపినా వింతగా ఉండదు. చిన్న చిన్న రేణువుల సూత్రాలకి ముందూ వెనకా ఒకటే. మరి మనకి మాత్రం నిన్న గుర్తుంటుంది, రేపు గుర్తుండదు. ఎందుకంటే విశ్వం మొదట్లో చాలా చాలా పొందిగ్గా ఉంది, అప్పటి నుంచీ చెదురుతూ వస్తోంది. మొదట అంత పొందిగ్గా ఎందుకుంది అంటారా, అది ఎవరికీ తెలియదు. అలాగే రాసేశాను. ఐదోది జ్ఞాపకం గురించి. ఆరోది చివరిది.

ఈమధ్య తిండి వేళకే తింటున్నాను. మీరు బెంగపడొద్దు.

మీ కోడలు


మార్చి 15

చుక్కలమ్మాయికి,

"తెలియదు" అని రాసిన చోట నీ పుస్తకం నాకు బాగా నచ్చింది. నేను దిద్దిన పుస్తకాల్లో ఆ మాట రాసిన పెద్దలు అరుదు.

ఆరో అధ్యాయం పొద్దున్న టిఫిను తిన్నాక మొదలుపెట్టాను. నక్షత్రాలు ఒక్కొక్కటీ ఆరిపోతాయి. కొత్తవి పుట్టడానికి సరుకుండదు. కృష్ణబిలాలు కూడా ఆవిరైపోతాయి. వేడీ చలీ తేడా లేకుండా అంతా ఒకే చల్లదనం. "అప్పుడు కాలం ఉన్నా, నడుస్తోందని చెప్పడానికి ఏదీ మిగలదు." ఆ వాక్యం చదివి లేచి, పట్టపగలు ఇంట్లో లైట్లన్నీ వేశాను. పాలవాడొచ్చి "ఏంటమ్మా, విశేషమా?" అన్నాడు.

అమ్మాయీ, ఇది ఆకాశం గురించేనా?

ఐదో అధ్యాయంలో ఇంకొకటి రాశావు. చోటు తక్కువైనప్పుడు కొత్తది రాసుకోవాలంటే పాతది చెరపక తప్పదనీ, చెరిపిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుందనీ. అక్కడ ఒక కామా పోయింది. పెట్టబుద్ధి కాలేదు. ఆ పేజీ బోర్లించి పక్కన పెట్టాను.

ఆ కొండ మీద గాలి హోరులో ఒక్కదానివే కూర్చుని, రాత్రీ పగలూ అన్నిటి అంతం గురించి ఆలోచిస్తుంటే మనిషి ఏమైపోతుంది? మొన్న "మేము" అని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అలవాటు అన్నావు. వాడు పక్కనున్నాడనుకుని రాశావేమోనని నాకు తోచింది. నాకూ అలా అవుతుంది. ఒక్కోసారి రెండు కప్పులు తీస్తాను.

నీ వదినకి వచ్చే వారం ఆ దగ్గర్లోనే టీచర్ల శిక్షణ తరగతులున్నాయి. నీ దగ్గరికి వచ్చి ఒక పూట ఉండమని చెప్పాను. కుదిరితే సెలవు పెట్టి తనతో పాటు వచ్చెయ్. నా గది నీకిస్తాను, నేను హాల్లో పడుకుంటాను. పుస్తకం ఎక్కడికీ పోదు.

అత్తయ్య


మార్చి 30

మీకు,

మీరు పంపిన ఆరు అధ్యాయాలూ దిద్దడం పూర్తయింది. కాగితాలు విడిగా పార్సిల్‌లో పంపాను. ఐదో అధ్యాయంలో వదిలేసిన కామా పెట్టాను.

రెండో అధ్యాయంలో నేను "నేను" అని దిద్దిన చోట నా దిద్దుబాటు కొట్టేశాను. మీరు మొదట రాసినదే సరైనదని తెలిసింది.

మీ వంటింట్లో ఒకాయన ఉల్లిపాయలు తరుగుతున్నారనీ, చెంచాలు ఏ సొరుగులో ఉంటాయో ఎవరినీ అడగకుండానే ఆయనకి తెలుసనీ మా అమ్మాయి చెప్పింది. సంతోషం. మీరు ఒంటరిగా ఉన్నారేమోనని అనవసరంగా కంగారుపడ్డాను.

ఇట్లు,
ప్రూఫ్ రీడర్


ఏప్రిల్ 5

అత్తయ్యకు,

మీరు నన్ను "మీరు" అన్నారు. నేను మీ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజు, వచ్చినవాళ్ళంతా "అమ్మాయిగారూ" అంటుంటే, మీరొక్కరే "ఏమే, కాళ్ళు నొప్పిగా ఉన్నాయా, ఇలా వచ్చి కూర్చో" అన్నారు. ఆ రోజు నుంచి మీరు నన్ను ఎన్ని తిట్టినా నువ్వు అనే తిట్టారు. ఈ ఉత్తరం నిలబడే చదివాను. కూర్చోవడానికి భయమేసింది.

వదిన తప్పేమీ లేదు. చెప్పొద్దని నేను అడగలేదు, తను దాచాల్సిన పనీ లేదు. చెప్పాల్సింది నేను. రెండు నెలలుగా ప్రతి ఉత్తరంలోనూ చెబుదామనుకుని టీ గురించీ అక్షరాల గురించీ రాసి ముగించాను.

ఆయన మా కూలింగ్ ఇంజనీరే. పెళ్ళయి, చాలాకాలం కిందట విడిపోయిన మనిషి. మేం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. మీ అబ్బాయి పోయాక నేను తిరిగి డ్యూటీలో చేరినప్పుడు అందరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. నేను గదిలోకి వెళితే నవ్వులు ఆగిపోయేవి. ఈయన మాత్రం కెమెరాని చల్లబరిచే పంపు కింద పడుకుని, నా కాళ్ళు కనిపించగానే "ఎవరండీ అది? ఆ టార్చి కాస్త ఇటు పట్టండి" అన్నారు. పట్టాను. "అటు కాదండీ, ఇటు! వెలుగు నా కళ్ళలో కొడితే ఎలా?" అని విసుక్కున్నారు కూడా. నన్ను విసుక్కున్న మనిషి దొరికి ఎన్ని నెలలైందో! బయటికొచ్చి ఏడ్చాను, కానీ మామూలుగా ఏడ్చే ఏడుపు కాదు అది. తరవాత రోజూ టార్చి పట్టడం అలవాటైంది. కప్పులు మరిచిపోయింది అప్పుడే. అలవాటు కొద్దీ పడిందని మీకు అబద్ధం రాశాను. ఆ "మేము" నేను చూసుకోకుండా పడింది. మీరు "నేను" అని దిద్దితే హమ్మయ్య అనుకున్నాను. అంతకంటే సిగ్గుపడ్డాను.

ఐదో అధ్యాయం మీకు వేరేలా తగిలిందని ఇప్పుడు అర్థమైంది. అది కంప్యూటర్ల గురించి రాసింది. వాటికి జ్ఞాపకం పెట్టుకునే చోటు ఇంతే అని హద్దు ఉంటుంది. చెరపడం తేలికని అందరూ అనుకుంటారు, నిజానికి చెరపడానికే ఖర్చవుతుంది, అన్నదే ఆ పేజీ. నేను మీ అబ్బాయిని చెరపడం గురించి కాదు. చెరపలేదు. చెరపాలన్నా కుదరదు. జరిగినదాన్ని జరగలేదనిపించడానికి ప్రకృతిలో ఏ దారీ లేదు. మీ అబ్బాయి జ్వరమని ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాకపోవడం వెనక్కి తిప్పలేను. అలాగే ఆయనతో గడిపిన ఏళ్ళనీ ఎవరూ వెనక్కి లాక్కోలేరు. ఈ పుస్తకం రాస్తూ నాకు దొరికిన ఊరట అదే.

మరి ఎందుకు చెప్పలేదంటారా? మీరు నాకు అత్తయ్య అయ్యింది ఆయన వల్ల. ఇంకొకరిని పెళ్ళి చేసుకున్నాక నేను మీకు ఏమవుతాను? దానికో మాట ఉందేమోనని ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు. చెప్పినంతసేపు పట్టదు, మీరు నాకు ఎవరూ కాకుండా పోవడానికి. ఆ భయంతో నోరు మెదపలేదు.

తిట్టండి. నువ్వు అని తిట్టండి.

మీ కోడలు


ఏప్రిల్ 22

చుక్కలమ్మాయికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, పై అంతస్తువాళ్ళ కుర్చీల చప్పుడు విని లేచిపోవడం. చప్పుడు లేని రోజు ఇంకేదో వంక దొరికేది.

కోపం వచ్చింది. నిజం. నువ్వు చెప్పకపోగా నా కూతురు నోటి నుంచి వినాల్సి వచ్చిందని ఒక కోపం. అది పైకి చెప్పుకోదగ్గది. దాని కింద ఇంకొకటుంది. నా కొడుకు లేని వంటింట్లో చెంచాల సొరుగు ఇంకొకరు తెరుస్తున్నారని. దాన్ని కోపమనాలో ఏమనాలో నాకు తెలియదు. అది పోయిందని రాయను, ఇంకా ఉంది. కాస్త చల్లారింది.

నీ వదిన ఇక్కడికొచ్చి, "అమ్మా, నువ్వేమో తను అక్కడ కుంగిపోతోందని పంపావు. నేను వెళ్ళేసరికి తను నవ్వుతోంది. ఎన్నాళ్ళకి నవ్విందో చూసి నాకు సంతోషమేసింది. నీకెందుకు వెయ్యదు?" అని నిలదీసింది. దానికి పాఠాలు చెప్పే నోరు కదా. "వేస్తుంది, ఆగు" అన్నాను.

పెళ్ళికి నువ్వు నన్ను అనుమతి అడగలేదు. మంచి పని చేశావు. అది ఇచ్చేదాన్నీ కాను, ఆపేదాన్నీ కాను. నువ్వు నాకు ఏమవుతావు అన్నదానికి జవాబు నా దగ్గరా లేదు. నువ్వు పుస్తకంలో రాసినట్టే రాస్తున్నాను. తెలియదు.

ఇక ప్రూఫ్ రీడర్‌గా ఒక మాట. నీ ఆరో అధ్యాయం నిజమేనా, లేక చదివేవాళ్ళని హడలగొట్టడానికా? నిజమే అయితే అదంతా ఎప్పుడు జరుగుతుందో మొదటి పేరాలోనే చెప్పు. ఎన్నేళ్ళో ఆఖర్న రాశావు. అప్పటికి నాలాంటివాళ్ళు లైట్లన్నీ వేసేసి ఉంటారు.

అత్తయ్య


మే 9

అత్తయ్యకు,

నువ్వు అని పిలిచారు. ఉత్తరంలో ఇంకేం రాశారో రెండోసారికి గానీ బుర్రకెక్కలేదు.

మీలో ఇంకా ఉందన్నదాన్ని పొమ్మని నేను అడగను. నాలోనూ అలాంటిది ఒకటుంది.

ఆరో అధ్యాయం ఇప్పటికి తెలిసినంతలో నిజం. రేపు ఇంకేదైనా తెలిస్తే మారొచ్చు. మీరు చెప్పినట్టే ఏళ్ళ లెక్క ముందుకి తెచ్చాను. ఆఖరి నక్షత్రాలు ఆరడానికి వంద లక్షల కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం పుట్టి ఇంకా పద్నాలుగు వందల కోట్ల ఏళ్ళు కూడా కాలేదు. దాని జీవితాన్ని ఒక రోజనుకుంటే ఇంకా తెల్లవారి తలుపు కూడా తీయలేదు. ఇది మీ గీత వల్ల రాసిన వాక్యం. మీకు నచ్చితే ఉంచుతాను.

జూన్ రెండో వారంలో ఇక్కడ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. వదిన వస్తానంది. మిమ్మల్ని రమ్మనడం న్యాయమో కాదో తేల్చుకోలేక, తేల్చుకోకుండానే అడుగుతున్నాను. రాకపోతే ఏమీ అనుకోను. వస్తే సాక్షి సంతకం మీది.

మీ కోడలు


జూన్ 17

చుక్కలమ్మాయికి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పొట్లం రైల్లో ఎదుటి సీటు పిల్ల తినేసింది, వాళ్ళమ్మ కంటే నేనే ఎక్కువ ముచ్చటపడ్డాను.

రిజిస్ట్రారు ఆఫీసులో నువ్వు లోపల ఫోటో దిగుతుంటే బయట గుమాస్తా నన్ను పట్టుకున్నాడు. నీకు చెప్పలేదు. "సాక్షి మీరేనా? పెళ్ళికూతురికి ఏమవుతారు?" అన్నాడు.

"అత్తగారిని" అన్నాను. ఆలోచించలేదు, వచ్చేసింది.

"ఓహో, పెళ్ళికొడుకు తల్లిగారా!"

"కాదు. ఆయన్ని నేను నిన్ననే చూశాను."

గుమాస్తా పెన్ను పక్కన పెట్టాడు. "మరి అత్తగారు ఎలా అయ్యారండీ?"

"అప్పటికే అయ్యాను. ఆ తరవాత ఈయన వచ్చాడు" అన్నాను. ఆయన పెన్ను మళ్ళీ అందుకుని, "సరేలెండి, బంధువు అని రాస్తాను" అన్నాడు. రాసుకోమన్నాను. ఆయన రాసుకున్నదానికీ నా నోటికొచ్చినదానికీ పొంతన లేదు. పోనీలే. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు నాకు అలా దొరికింది.

ఆ తరవాతిది నీకు నీ ఇంజనీరు చెప్పి ఉండడు, అందుకే రాస్తున్నాను. నీ వదిన శిక్షణ స్నేహితుల దగ్గర ఆగిపోయింది, నిన్ను ఆఫీసువాళ్ళు వదల్లేదు. నన్ను రైలెక్కించడానికి ఆయనొక్కడే వచ్చాడు. దారంతా ఇద్దరం మాట్లాడుకున్నది ఎండ గురించి. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. బూట్ల వైపు చూసుకుంటూ ఏదో అన్నాడు. గోలలో వినపడలేదు. "ఏంటి బాబూ?" అన్నాను. గొంతు పెంచి అడిగాడు, ప్లాట్‌ఫారమంతా వినేలా.

"మీ అబ్బాయి చిన్నప్పుడు ఎలా ఉండేవాడండీ?"

అమ్మాయీ, వాడు పోయినప్పటి నుంచి ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. చుట్టాలొస్తే వాడి ఫోటో ఉన్న గోడ వైపు వీపు పెట్టి కూర్చుంటారు. నా కూతురు కూడా వాడి ఊసు రాగానే టీ పెడతానంటూ లేస్తుంది. నన్ను బాధపెట్టకూడదని అందరూ వాడిని దాచేశారు.

చెప్పాను. మెట్ల మీద నుంచి దూకి పన్ను విరగ్గొట్టుకుని, ఆ పన్ను ముక్క దొరికేదాకా ఇంట్లోకి రానని వీధిలో బైఠాయించిన సంగతి. వానొస్తోందని ఊరందరి బట్టలూ తీసుకొచ్చి మా మంచం మీద కుప్ప పోస్తే, ఎవరివి ఏవో తెలియక నేను ఇల్లిల్లూ తిరిగిన సంగతి. పరీక్షలో ప్రశ్న తప్పుగా ఉందని జవాబుకి బదులు ప్రశ్నని దిద్దొచ్చిన సంగతి. "అది మాత్రం మీ పోలికేనండీ" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. "తరవాత?" అన్నాడు. తరవాతదీ చెప్పాను.

రైలొచ్చింది. మా ముందే ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఆయన నా సంచీ అందుకుని లేవబోయాడు. "కూర్చో బాబూ, కాలేజీ సంగతులు ఇంకా రాలేదు" అన్నాను. సంచీ కింద పెట్టి కూర్చున్నాడు. రైలు వెళ్ళిపోయింది.

నీ వదినకి మాత్రం రైలు ఆలస్యమైందని చెప్పాను. అడిగితే నువ్వూ అలాగే చెప్పు.

అత్తయ్య